పై ఫ్లాట్‌లో పిల్ల ఏడుపు వినిపిస్తోంది, ఎవరికి చెప్పాలి?

ప్రశ్న: అక్కయ్య గారూ, మేం విశాఖపట్నంలో ఎం.వి.పి. కాలనీలో ఉంటాం. మా పై ఫ్లాట్‌వాళ్లు దసరా వెళ్లాక ఒక ఆడపిల్లను తెచ్చి ఇంట్లో పెట్టుకున్నారు. పదకొండో పన్నెండో ఏళ్లుంటాయి. పాడేరు వైపు పిల్లట. 'మాకు దూరపు చుట్టం, ఇక్కడ చదివిద్దామని తెచ్చాం' అన్నారు. బడికి వెళ్లగా నేనైతే ఎప్పుడూ చూడలేదు. తెల్లవారుజామునే అంట్లు తోముతున్న చప్పుడు వినిపిస్తుంది. పగలంతా వాళ్ల చంటివాడిని చంకనేసుకుని మెట్ల మీద తిరుగుతుంది. రాత్రిళ్లు కొన్నిసార్లు అరుపులు, తర్వాత ఏడుపు. మొన్న డాబా మీద బట్టలు ఆరేస్తుంటే ముంజేతి మీద వాత కనిపించింది. ఏమిటని అడిగితే 'పెనం తగిలింది' అని చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

మావారు 'మనకెందుకు, ఆయన అసోసియేషన్ సెక్రటరీ, రేపు పార్కింగ్ దగ్గర్నుంచి అన్నీ గొడవలే. అయినా మనం మన పిల్లల్ని కొట్టలేదా' అంటారు. మా అత్తగారు 'ఊళ్లో గంజి కూడా ఉండదు, ఇక్కడ మూడు పూటలా తింటోంది కదా' అంటారు. నేను నెలనెలా ఒక అనాథాశ్రమానికి వెయ్యి రూపాయలు పంపుతుంటాను. వాళ్లకే చెప్పి ఈ పిల్లను తీసుకెళ్లమంటే ఎలా ఉంటుంది? లేక పై ఆవిడతో నేనే మెల్లగా మాట్లాడనా? నేను పొరబడితే ఒక కుటుంబం పరువు తీసినదాన్నవుతాను. ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకురాలు

సమాధానం:

చెల్లెమ్మా,

ముందు పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు. రాత్రయినా పగలయినా ఎత్తుతారు, డబ్బులు పడవు, మీ పేరు చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు. మీరు ఫోన్ పట్టుకున్న సమయానికే పైన కొడుతుంటే మాత్రం 112కి చేయండి. పోలీసులు వెంటనే రావాల్సిన పరిస్థితి అది.

ఏం చెప్పాలో కూడా రాస్తాను. చాలామంది ఫోన్ కలిశాక తడబడి, 'ఏమో అండీ, నాకలా అనిపించింది' అని పెట్టేస్తారు. మీరు చూసింది, విన్నది మాత్రం చెప్పండి. పన్నెండేళ్ల లోపు పిల్ల ఇంటిపని చేస్తోంది, బడికి వెళ్తున్నట్టు లేదు, ముంజేతి మీద కాలిన మచ్చ చూశాను, రాత్రిళ్లు ఏడుపు వినిపిస్తోంది, ఇదీ అపార్ట్‌మెంట్, ఇదీ అంతస్తు. 'రాక్షసులు', 'చిత్రహింసలు' లాంటి మాటలు వద్దు. ఫోన్ చేయడానికి ముందు ఒక కాగితం మీద తేదీలు రాసి పెట్టుకోండి. ఏ రోజు ఏడుపు విన్నారు, ఎన్ని గంటలకు, వాత ఏ చేతి మీద చూశారు. రేపు ఎవరైనా వివరాలు అడిగితే ఆ కాగితం మీకు అండగా ఉంటుంది.

'నేను పొరబడితే' అన్నారు. మీ ఉత్తరంలో నాకు ఎక్కువసార్లు కనిపించిన భయం ఇదే. అక్కడ నేరం జరుగుతోందని తేల్చే పని మీది కాదు. దాన్ని తేల్చడానికి చట్టం వేరే మనుషుల్ని పెట్టింది. మీరు చెప్పాల్సింది 'వచ్చి చూడండి' అన్న ఒక్క మాట. వాళ్లు వచ్చి చూస్తే పిల్ల నిజంగానే బడికి వెళ్తోందని, వాత పెనం తగిలి పడిందని తేలిందే అనుకోండి, పైవాళ్లకు ఒక పూట చికాకు. తేలకపోతే? ఈ రెండింటినీ ఒకే తూకంలో వేసి నిద్ర పాడుచేసుకుంటున్నారు మీరు.

మీవారి మాటకు వద్దాం. 'మనం మన పిల్లల్ని కొట్టలేదా' అని అడిగారు కదా. కొట్టడం మంచిదని నేననను, అది వేరే ఉత్తరంలో మాట్లాడుకుందాం. కానీ మీ పిల్లాడు దెబ్బ తింటే అమ్మమ్మకు ఫోన్ చేస్తాడు, పక్కింటికి పరిగెడతాడు, మర్నాడు టీచరమ్మకు చెబుతాడు, అలిగి అన్నం మానేసి మిమ్మల్నే ఏడిపిస్తాడు. ఈ పిల్లకు అలగడానికి కూడా మనిషి లేదు. అమ్మానాన్న ఘాట్ రోడ్డు మీద గంటల ప్రయాణం దూరంలో ఉన్నారు. చేతిలో ఫోన్ ఉండదు, బస్సు చార్జీ ఉండదు. ఊళ్లో ఆమెకు తెలిసినవాళ్లంటే ఆ ఇంటివాళ్లే. ఆ వాత మీద కళ్లు పడిన బయటి మనిషి బహుశా మీరొక్కరే.

పార్కింగ్ గొడవ గురించి నేనేం చెప్పలేను. రావచ్చు కూడా.

మీ అత్తగారి మాటను మాత్రం తేలిగ్గా తీసిపారేయలేను. ఆవిడ దయలేక అన్న మాట కాదది. ఒకప్పుడు పెద్దిళ్లలో పల్లె పిల్లల్ని అలాగే పెట్టుకునేవారు, వాళ్లలో కొందరికి ఆ ఇళ్లవాళ్లే పెళ్లిళ్లు కూడా చేశారు. ఆవిడ కళ్లముందు అలాంటి మంచి ఉదాహరణలు ఒకటో రెండో ఉండే ఉంటాయి. కానీ 'ఇక్కడైతే తిండి దొరుకుతోంది' అన్న లెక్కలో ఒకటి తప్పిపోతుంది. ఆ తిండి ఊరికే రావడం లేదు. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా చేసే పనికి పెద్ద మనిషిని పెట్టుకుంటే ఈ ఊళ్లో ఎంత ఇవ్వాలో మీకు తెలుసు. ఆ జీతం మిగుల్చుకుని, అన్నం పెట్టి, దానికి 'సాకుతున్నాం' అని పేరు పెట్టుకున్నారు.

పేదరికం పోతే గానీ పిల్లల పని పోదని మన తెలుగునాట చాలాకాలం అందరూ నమ్మారు. ఆ నమ్మకాన్ని ఎదిరించి పనిచేసినవారు ప్రొఫెసర్ శాంతా సిన్హా. తాతగారు మామిడిపూడి వెంకటరంగయ్య పేరు మీద 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పిల్లల్ని వెట్టి నుంచి, పొలం పనుల నుంచి బయటకు తెచ్చి బడుల్లో చేర్చడం మొదలుపెట్టింది. బడికి వెళ్లని ప్రతి పిల్లనూ పనిచేస్తున్న పిల్లగానే లెక్కపెట్టాలన్నది వాళ్ల పట్టు. వాళ్లు చూసిందేమిటంటే, నిరుపేద తల్లిదండ్రులు కూడా బడి నిజంగా అందుబాటులోకి వచ్చి, చేర్పించే దారి ఎవరైనా చూపిస్తే పిల్లల్ని పంపడానికే మొగ్గుచూపారు. అప్పటికే మధ్యలో ఏళ్లు పోయిన పిల్లల కోసం శిబిరాలు పెట్టి, చదువు అందించి, వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టారు. శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది, 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు మొదటి అధ్యక్షురాలయ్యారు. మీ అత్తగారికి ఈ కథ చెప్పండి. ఆవిడ అడిగింది మంచి ప్రశ్నే, దానికి జవాబు ఎప్పుడో దొరికింది.

ఇప్పుడు 'దూరపు చుట్టం' అన్న మాట. ఇది పైవాళ్లొక్కరి మాటే కాదు. పిల్లను పెట్టుకున్న ప్రతి ఇంట్లోనూ మొదట వినిపించే మాట ఇదే. ఇళ్లలో, హోటళ్లలో 14 ఏళ్ల లోపు పిల్లల్ని పనికి పెట్టుకోకూడదని 2006 అక్టోబరు 10 నుంచే నిషేధం ఉంది. 2016లో బాల కార్మిక చట్టాన్ని సవరించి అన్ని పనులకూ దాన్ని వర్తింపజేశారు. సొంత కుటుంబానికి సాయం చేయడానికి ఒక మినహాయింపు ఉంచారు. అయితే ఆ కుటుంబం అంటే ఎవరో చట్టమే చెప్పింది: అమ్మ, నాన్న, అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములు, అమ్మానాన్నల తోబుట్టువులు. దూరపు చుట్టం అందులో లేదు. మేనత్తో పిన్నో అయినా సరే, బడి అయ్యాక, సెలవుల్లో, ప్రమాదం లేని పనికే ఆ సాయం. నిషేధాన్ని మీరితే 6 నెలల నుంచి 2 సంవత్సరాల దాకా జైలు, 20 వేల నుంచి 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ.

కొట్టడం, వాత పెట్టడం వేరే నేరం. బాల న్యాయ చట్టం (2015) 75వ సెక్షన్ ప్రకారం, పిల్ల ఎవరి సంరక్షణలో ఉందో వాళ్లే ఆ పిల్లను కొట్టినా, వేధించినా, కావాలని నిర్లక్ష్యం చేసినా మూడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. సొంత మేనమామ ఇల్లయినా ఈ సెక్షన్‌కు తేడా లేదు. పిల్ల మీద లైంగిక వేధింపు కూడా ఉందని మీకు ఏమాత్రం తెలిసినా, అప్పుడిక చెప్పాలా వద్దా అన్న ఆలోచనకు తావులేదు. 2012 పోక్సో చట్టం కింద తెలిసి చెప్పకపోవడమే నేరం. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్లకు అదే చట్టం రక్షణ ఇస్తుంది.

ఫోన్ చేశాక ఏమవుతుందోనన్న భయం మీకుంటుంది. 'పిల్లను ఎక్కడో జైలు లాంటి హోమ్‌లో పడేస్తారట' అని ఎవరో ఒకరు అంటారు కూడా. జరగాల్సింది ఇది. జిల్లా బాలల సంరక్షణ విభాగం మనుషులు వస్తారు, అవసరాన్ని బట్టి కార్మిక శాఖ అధికారి, పోలీసు వెంట ఉంటారు. పిల్లను బయటకు తీసుకొస్తే 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్లాలి, ప్రయాణానికి పట్టే సమయం అందులో కలపరు. ఆ కమిటీలో అధ్యక్షుడో అధ్యక్షురాలో ఒకరు, సభ్యులు నలుగురు, అందులో కనీసం ఒకరు మహిళ. మొదటి తరగతి మేజిస్ట్రేటుకు ఉండే అధికారాలు వాళ్లకుంటాయి. పిల్లతో మాట్లాడతారు, వైద్య పరీక్ష చేయిస్తారు, అమ్మానాన్నల్ని పిలిపిస్తారు. ఇంటి పరిస్థితి మీద సామాజిక కార్యకర్త 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. నాలుగు నెలల్లోపు తుది ఉత్తర్వు రావాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది కనుక కేసు తర్వాత అక్కడి కమిటీకి బదిలీ కావచ్చు. కానీ పిల్ల దొరికింది విశాఖలో కాబట్టి మొదట చూడాల్సింది ఇక్కడివాళ్లే. 'మా జిల్లా కాదు' అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

హోమ్‌లో ఉంచడం ఆఖరి మార్గం. ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు, బాల న్యాయ చట్టం మొదట్లోనే రాసుకున్న సూత్రం. అమ్మానాన్నలు సరైనవాళ్లయితే పిల్ల ఇంటికే వెళ్తుంది. పేదరికం వల్లే పంపామని వాళ్లంటే, కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4 వేల రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. పల్లెల్లో ఏడాదికి 72 వేలు, పట్టణాల్లో 96 వేలు దాటని ఆదాయం ఉన్న కుటుంబాలకు అది వర్తిస్తుంది. అడిగితేనే వస్తుంది, అందుకే ఈ అంకె రాస్తున్నాను. చదువుకు దారి అక్కడే ఉంది. ఆరో తరగతి నుంచి కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఉన్నాయి, అవి బడి మానేసిన, వెనుకబడిన వర్గాల ఆడపిల్లల కోసం హాస్టల్‌తో సహా పెట్టినవి. ఏజెన్సీలో గిరిజన సంక్షేమ ఆశ్రమ పాఠశాలలు సరేసరి. 'చదివిద్దామని తెచ్చాం' అన్న మాటలో నాకు ముందునుంచీ నమ్మకం కుదరనిది ఇందుకే. ఆ చదువు కోసం పిల్ల ఎం.వి.పి. కాలనీలో అంట్లు తోమాల్సిన పనే లేదు.

పై ఆవిడతో మెల్లగా మాట్లాడనా అని అడిగారు. దయచేసి వద్దు. మీరు మర్యాదగానే మాట్లాడతారు, ఆవిడ కాఫీ ఇచ్చి నవ్వుతూనే వింటుంది. మర్నాటికి పిల్ల ఉండదు. 'వాళ్లమ్మకు బాగోలేదని ఊరెళ్లింది' అంటారు. నిజంగా ఊరెళ్తే మంచిదే. ఎక్కువసార్లు గాజువాకలోనో మధురవాడలోనో ఇంకో బంధువుల ఇంటికి మారుతుంది, ఈసారి కింది ఫ్లాట్‌లో మీలాంటి మనిషి ఉండకపోవచ్చు. పైగా ఆ రాత్రి 'కింద ఆంటీకి ఏం చెప్పావే' అన్న ప్రశ్న ఆ పిల్లకే పడుతుంది. వాచ్‌మన్‌ను కూడా ఆరా తీయకండి. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో పెట్టడం, ఫొటో తీయడం, ఆ ఫొటో తెలిసిన విలేకరికి పంపడం, ఇవేవీ వద్దు. కష్టంలో ఉన్న పిల్ల పేరు, ముఖం, ఊరు బయటపెట్టడాన్ని బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తుంది. శిక్ష ఆరు నెలల దాకా, జరిమానా 2 లక్షల దాకా ఉంటుంది.

డాబా మీద మళ్లీ కలిస్తే ఏం చేయాలంటారా? మామూలుగా ఉండండి. పేరు అడగండి, 'ఏ తరగతి దాకా చదివావు' అని అడగండి. వాత గురించి తవ్వొద్దు, తనంతట తాను చెబితే వినండి, 'ఎవరికీ చెప్పను' అని మాత్రం మాట ఇవ్వొద్దు. ఆ మాట మీరు నిలబెట్టుకోలేరు. తినడానికి ఇవ్వాలనిపిస్తే అక్కడే తినేది ఇవ్వండి, ఇంటికి పట్టుకెళ్లేది ఇస్తే దానికీ దెబ్బలు పడొచ్చు.

ఇక మీ ఆశ్రమం. 'వాళ్లకే చెప్పి పిల్లను తీసుకెళ్లమంటే' అన్న ప్రశ్న దగ్గర నేను కొంచెం ఉలిక్కిపడ్డాను. మీది మంచి మనసే, సందేహం లేదు. కానీ ఎంత పేరున్న సంస్థ అయినా కమిటీ ఉత్తర్వు లేకుండా ఒక పిల్లను నేరుగా తీసుకెళ్లి ఉంచేసుకోకూడదు. ఎక్కడైనా దొరికితే 24 గంటల్లో కమిటీకి చూపించి తీరాలి. మీరు ఫోన్ చేయగానే 'పంపించేయండమ్మా, మేం చూసుకుంటాం' అనే సంస్థ అయితే, దానికి నెలనెలా పంపే వెయ్యి రూపాయలు ఆపేయండి.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, పిల్లల్ని కాపాడే సంస్థల చరిత్రే ఈ పాఠంతో మొదలైంది. 1870ల న్యూయార్క్‌లో మేరీ ఎలెన్ విల్సన్ అనే పదేళ్ల లోపు పిల్లను పెంచుకుంటున్న ఆవిడే రోజూ కొట్టేది. ఆ పిల్లను ఆ ఇంటికి ఇచ్చింది ఎవరనుకున్నారు? నగర దాతృత్వ శాఖే. ఏటా పిల్ల ఎలా ఉందో చెప్పాలన్న షరతు కాగితం మీద ఉంది, పట్టించుకున్నవాళ్లు లేరు. మీలాగే అద్దె వాటాల ఇంట్లో చుట్టుపక్కల ఉన్నవాళ్లు ఆ ఏడుపు విని, పేదల ఇళ్లకు వచ్చిపోయే ఎటా వీలర్ అనే ఆవిడ చెవిన వేశారు. ఆవిడ తిరగని గడప లేదు. చివరికి జంతువులపై క్రూరత్వ నిరోధక సంఘం పెట్టిన హెన్రీ బర్గ్‌ను కలిసింది. జంతువుల చట్టం కిందే ఆ కేసు నడిపారని ఇప్పటికీ కథలు చెబుతుంటారు, అది నిజం కాదు. ఆయన తరఫు న్యాయవాది ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ, అన్యాయంగా నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెప్పించే పద్ధతినే వాడి 1874 ఏప్రిల్‌లో పిల్లను కోర్టుకు రప్పించాడు. కొట్టినావిడకు ఏడాది జైలు పడింది. పిల్లలపై క్రూరత్వాన్ని అడ్డుకోవడానికే పెట్టిన మొదటి సంఘం ఆ మరుసటి ఏడాదికల్లా న్యూయార్క్‌లో నిలబడింది. దాన్ని చూసి 1883లో లివర్‌పూల్‌లో, 1884లో లండన్‌లో అలాంటివే వచ్చాయి. ఇంగ్లండులో జంతువుల కోసం సంఘం 1824లోనే ఉందని గుర్తుచేసుకుంటే, పిల్లల వంతు రావడానికి 60 ఏళ్లు పట్టింది. మేరీ ఎలెన్‌ను వీలర్ కుటుంబమే పెంచింది, ఆమె తొంభై ఏళ్లు దాటి బతికింది.

1098 పుట్టుక కూడా ఇలాంటిదే. 1996లో ముంబయిలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థలో పనిచేస్తున్న జెరూ బిలిమోరియా వీధి పిల్లల కోసం దాన్ని మొదలుపెట్టారు. పది, తొమ్మిది, ఎనిమిది అని పిల్లలు సులువుగా గుర్తుపెట్టుకునే నంబరు అది. తర్వాత చాలా ఏళ్లు ఊరూరా స్వచ్ఛంద సంస్థలే ఆ ఫోన్ ఎత్తాయి, పరిగెత్తాయి. 2023 నుంచి ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుని 112తో అనుసంధానం చేసింది. అందువల్ల 'సర్కారు ఫోన్ కదా, పలుకుతారా' అని మీకు అనుమానం రావచ్చు. పలకకపోతే ఏం చేయాలో కింద రాశాను.

మీ వెయ్యి రూపాయల సంగతి తేల్చుకుందాం. ఆ ఆశ్రమాన్ని ఒక్కసారైనా చూశారా? చూడకపోతే ఒక ఆదివారం వెళ్లండి. బాల న్యాయ చట్టం కింద రిజిస్ట్రేషన్ పత్రం చూపించమనండి. సొసైటీ పత్రం కాదు, ట్రస్టు పత్రం కాదు, పిల్లల్ని ఉంచుకోవడానికి విడిగా ఇచ్చేది. అది లేకుండా హోమ్ నడిపితే ఏడాది దాకా జైలో, లక్షకు తగ్గని జరిమానానో, రెండూనో పడతాయి. తర్వాత ఒక్క ప్రశ్న అడగండి: 'పోయినేడాది ఇక్కడి నుంచి ఎంతమంది పిల్లలు ఇళ్లకు వెళ్లారు, వాళ్లు ఇప్పుడెలా ఉన్నారు?' మంచి సంస్థ అయితే ఈ ప్రశ్నకు ముఖం వెలుగుతుంది, రిజిస్టరు తీసి మరీ చెబుతారు. 'వీళ్లకెవరూ లేరమ్మా' అని అందరినీ కలిపి ఒకే మాట చెబితే నాకు అనుమానమే. అలాంటి చోట్ల ఉండే చాలామంది పిల్లలకు అమ్మో నాన్నో ఉంటారు, పేదరికం వల్ల వదిలిన వాళ్లే ఎక్కువ.

పిల్లల ముఖాలు స్పష్టంగా చూపిస్తూ, కింద వాళ్ల దీనగాథ రాసి వాట్సాప్‌లో పంపి డబ్బులడిగేవాళ్లకు ఇవ్వకండి. 74వ సెక్షన్ మీకొక్కరికే కాదు, వాళ్లకూ వర్తిస్తుంది. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. నగదుగా ఇస్తే 2 వేల రూపాయలు దాటిన దానికి ఆదాయపు పన్నులో 80జీ మినహాయింపు రాదు, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే ఉంది.

మన ఊళ్లో డాబా గార్డెన్స్‌లోని ప్రేమ సమాజం అనాథ పిల్లలకూ వృద్ధులకూ తరాలుగా ఆశ్రయమిస్తోంది, నడిచి వెళ్లి చూడదగ్గ చోటు. అక్కడా ఇవే ప్రశ్నలు అడగండి, పాత సంస్థలకు ప్రశ్నలంటే భయం ఉండదు. దేశం మొత్తం మీద పనిచేసే వాటిలో క్రై అనే పిల్లల హక్కుల సంస్థ ఉంది. రిప్పన్ కపూర్, స్నేహితులు 1979లో 50 రూపాయలతో మొదలుపెట్టారు. అది ఎక్కువగా చిన్న చిన్న స్థానిక సంస్థలకు డబ్బూ దన్నూ ఇచ్చే పద్ధతిలో నడుస్తుంది. నన్నడిగితే మాత్రం డబ్బు నిజంగా చాలని చోటు ఇంకొకటుంది. హోమ్‌లో పెరిగిన పిల్లకు 18 నిండితే బయటకు రావాలి. 21 ఏళ్ల దాకా సాయం చేయొచ్చని చట్టం ఒప్పుకున్నా, ఆచరణలో అందేది తక్కువ. హాస్టల్ ఫీజు, నర్సింగ్ కోర్సు డిపాజిట్, బస్ పాస్, ఆధార్‌లో చిరునామా మార్చుకోవడానికి తోడొచ్చే మనిషి, ఇలాంటివి. మీ వెయ్యి అటు ఇవ్వగలరేమో చూడండి. పుట్టినరోజు భోజనాల కన్నా అది మేలు. ముక్కూ మొహం తెలియని బాబు కేకు కోస్తుంటే వరసగా నిలబడి పాట పాడించడం నాకు ఎప్పుడూ నచ్చదు. ఆదివారాలు మూడు కుటుంబాల బిర్యానీలు వచ్చిపడే హోమ్‌లో బుధవారం లెక్కల ట్యూషన్ చెప్పేవాళ్లు ఉండరు.

ఫోన్ చేసినా ఎవరూ రాకపోతే? జరగవచ్చు. ఫోన్ చేసిన తేదీ, సమయం, అవతల మాట్లాడినవాళ్ల పేరు కాగితం మీద రాసుకోండి. రెండు మూడు రోజులు చూసి మళ్లీ చేయండి. అప్పటికీ కదలిక లేకపోతే జిల్లా బాలల సంక్షేమ కమిటీకి నేరుగా ఉత్తరం రాయండి. ఎవరూ పిల్లను తీసుకురాకపోయినా కమిటీ తనంతట తాను విచారణ చేపట్టవచ్చు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా ఫిర్యాదుల కార్యక్రమం ఉంటుంది, అక్కడ అర్జీ ఇస్తే నంబరు పడుతుంది, నంబరు పడిన కాగితానికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. మీ వార్డు సచివాలయంలో మహిళా పోలీసు ఉంటే ఆవిడకు చెప్పడం ఇంకా దగ్గరి దారి. పైవాళ్లకు ఆవిడ బాగా తెలిసిన మనిషయితే మాత్రం ఆ దారి మానేయండి.

పిల్లను తీసుకెళ్లాక మీ అపార్ట్‌మెంట్‌లో కొన్నాళ్లు గుసగుసలుంటాయి. ఎవరు చేశారో ఊహిస్తారు, లిఫ్టులో మాటలు ఆగిపోతాయి. మీవారు 'నేను చెప్పలేదూ' అంటారు. అప్పుడు మీరు ఒప్పుకోవాల్సిన పనీ లేదు, అబద్ధం ఆడాల్సిన పనీ లేదు. 'పిల్ల బడికి వెళ్తే మంచిదే కదా' అని ఊరుకోవచ్చు. ఆ పిల్ల తర్వాత ఏమైందని మీకెవరూ వచ్చి చెప్పకపోవచ్చు, గోప్యత కోసం చెప్పకూడదు కూడా. దానికి మాత్రం మనసు సిద్ధం చేసుకోండి.

ఏం జరిగిందో నాకు మళ్లీ రాస్తే సంతోషం. అయితే ఈసారి ఫ్లాట్ నంబరు, వీధి పేరు, ఆ పిల్ల పేరు రాయకండి. మీ ఉత్తరంలో ఉన్నవాటిని ఇక్కడ అచ్చు వేయకుండా తీసేశాను. అవి చెప్పాల్సింది నాకు కాదు, 1098కి.